కామేశ్వరి ముక్కు

కాశీబుగ్గ,
జూన్ 14

మా అక్క లక్ష్మీకుమారికి,

నీ చెల్లి కామేశ్వరి రాసేది. నందిగాం ఎంత దూరమని, బస్సెక్కి వచ్చి చెప్పొచ్చు కదా అనుకుంటావు. వస్తే నీకు వినబడేలా అరిచి చెప్పాలి. అప్పుడు మీ వీధంతా వింటుంది. ఫోన్లో రాసి పంపితే నీకంటే ముందు నీ కోడలు చదువుతుంది. అందుకని కాగితం మీద రాస్తున్నాను.

అక్కా, నేను ముక్కుకి ఆపరేషన్ చేయించుకుందామనుకుంటున్నాను. జబ్బేమీ కాదు. పైకి తిరిగిన ముక్కుని కిందికి దింపించుకోవడానికి. యాభై దాటాక దీనికి పిచ్చి పట్టిందని నువ్వూ అనుకుంటే అనుకో, కానీ చివరిదాకా చదివి అనుకో.

పోయిన నెల రవి పెళ్లి ఆల్బం వచ్చింది. కోడలు కీర్తి నా పక్కన కూర్చుని ఒక్కో పేజీ తిప్పుతోంది. పీటల మీద మీ మరిది పక్కన ఎవరో ఆవిడ కూర్చుని ఉంది. చీర నాది, నగలు నావి, కళ్ళూ గడ్డమూ నావే. ముక్కు మాత్రం సన్నగా, తిన్నగా ఉంది. నాకు అర్థం కాలేదు. "కంప్యూటర్లో సరిచేసినారు అత్తయ్యా" అంది కీర్తి నెమ్మదిగా. మీ మరిది సోఫాలోంచే అందుకున్నారు. "నేనే సెప్పినాను. పదిమంది సూసే ఆల్బం. పేజీ తిప్పితే సాలు డబుల్ బేరల్ తుపాకీ మన మీదకి గురిపెట్టి ఉంటే బాగుంతాదేటి?" రవి నవ్వాడు. కీర్తి ఆపుకోబోయి, ఆపుకోలేక, వంటింట్లోకి వెళ్లిపోయింది.

ఆ పేరు నీకు తెలిసిందే. పెళ్లైన వారంలోనే పెట్టారు. మా జీడి ఫ్యాక్టరీలో పనివాళ్ళ ముందు అదే పేరు, ఇంటికొచ్చిన పార్టీ వాళ్ళ ముందు అదే పేరు. ఎవరైనా వస్తే నన్ను పిలిచి, "మా ఇంట్లో లైసెన్సు లేని తుపాకీ ఉన్నాది, సూత్తారేటి" అని చూపిస్తారు. వాళ్ళు నవ్వుతారు, నేను టీ ఇస్తాను. చిన్నప్పుడు మనూళ్ళో కూడా అన్నారు గానీ, అక్కడ పిల్లలన్నారు, నేను కొట్టి వచ్చేదాన్ని. ఇక్కడ కొట్టడానికి ఎవరూ లేరు.

ఆ రోజు నాకు కోపం రావలసింది. రాలేదు. నిజం చెబుతున్నాను, ఆ ఫోటోలో మనిషి నాకు నచ్చింది. అందరూ పడుకున్నాక కాదు, పట్టపగలే, ఎవరున్నారో చూసుకోకుండా ఆ ఆల్బం తీసి మళ్ళీ మళ్ళీ చూశాను. ఆవిడని ఎవరూ వెక్కిరించి ఉండరనిపించింది. ఆవిడ పెళ్లిపీటల మీద తల ఎత్తి కూర్చుని ఉంది. నేనెప్పుడూ ఫోటోకి తల ఎత్తలేదు అక్కా. తల ఎత్తితే ముక్కు రంధ్రాలు కనబడతాయని.

కళ్ళ పరీక్షకని చెప్పి విశాఖపట్నం వెళ్లాను. డాక్టరు చిన్నపిల్ల, మన రవి వయసుంటుంది. నా ముక్కు మీద వేలుతో మెల్లగా నొక్కి, "ఎన్నాళ్ళ నుంచి ఇబ్బంది పడుతున్నారమ్మా" అని అడిగింది. "గాలి బాగానే ఆడుతుందండీ" అన్నాను. "గాలి గురించి అడగలేదు" అంది. అక్కడ కూర్చుని ఏడ్చేశాను. ఆ పిల్ల నన్ను తొందరపెట్టలేదు. చెవి వెనక నుంచి మెత్తటి ఎముక ముక్క తీసి సరిచేయొచ్చట. పూర్తిగా మత్తివ్వాలట. షుగరూ బీపీ లేవు కాబట్టి భయం లేదంది.

ఇంట్లో చెప్పాను. మా ఆడపడుచు ఉషారాణి వదిన టెక్కలి నుంచి పరిగెత్తుకొచ్చింది. "ఈ వయసులో మత్తిత్తే లేత్తావో నేదో ఎవులికి తెలుసు? ముక్కు కోసం పేణం మీదకి తెచ్చుకుంతావేటి?" అంది. రవి ఫోన్లోంచి తల ఎత్తకుండా, "జనం నవ్వుతారమ్మా" అన్నాడు. ఇప్పుడు నవ్వడం లేదా అని అడగాలనుకుని అడగలేదు. మీ మరిది భోజనం చేస్తూ, "ఈ వయసులో కొత్త ముక్కు ఎవుడికి సూపెడతాదట?" అని తన మనిషి పాపారావుని అడిగారు. పాపారావు కంచంలోకి చూస్తూ నవ్వాడు.

శ్రావణంలో రమ్మని డాక్టరు చెప్పింది. వెళతాను. నువ్వు వద్దన్నా వెళతాను గానీ, వద్దనకు.

నీ చెల్లి,
కామేశ్వరి


కాశీబుగ్గ,
సెప్టెంబరు 2

అక్కా,

నీ ఉత్తరం అందింది. "అమ్మ ముక్కు నాకొచ్చి నీకు రానందుకు నేనేం చేయను, వెళ్ళి చేయించుకో" అని రాశావు. ఆ ఒక్క ముక్కా ఎన్నిసార్లు చదువుకున్నానో. కానీ వెళ్లలేదు. వెళ్లను కూడా.

మీ మరిదికి కిడ్నీలు రెండూ పోయాయి. కాళ్ళు వాస్తున్నాయని వేసవి నుంచీ అంటూనే ఉన్నాను, మందుబిళ్ళలు వేసుకుని తిరిగారు. మన ఉద్దానంలో ఇది ఏ ఇంట లేదు గనక. అయినా ఫ్యాక్టరీలో పనిచేసేవాళ్ళకే వస్తుందనుకున్నారు గానీ తనకి రాదనుకున్నారు. ఫ్యాక్టరీలో జీడిపిక్కల తూకం దగ్గర పడిపోతే ఎత్తుకొచ్చారు. ఇప్పుడు వారంలో మూడు రోజులు డయాలసిస్. నీళ్ళు కొలిచి ఇవ్వాలి. కొబ్బరినీళ్ళు అసలు ముట్టకూడదు. ఇన్ని కొబ్బరితోటలున్న మనిషి, నిన్న అరుగు మీద కూర్చుని ఎదురుగా బొండాలు దింపుతుంటే పెదాలు నాకుతూ చూశారు. నాకు జాలేసింది. అది కూడా రాయాలి కదా.

కిడ్నీ మారిస్తే బతుకుతారన్నారు. రవి ఇస్తానని నోటితో అన్నాడు. మర్నాటికల్లా వియ్యంకుడు కారేసుకొచ్చి, "మా పిల్ల కాపురం మొన్ననే కదా మొదలైంది బావగారూ" అని కూర్చున్నాడు. రవి మళ్ళీ ఆ మాట ఎత్తలేదు. ఉషారాణి వదినకి షుగరు. పరీక్షలు చేస్తే నాది సరిపోయింది.

అక్కా, మత్తిస్తే లేస్తావో లేవవో అన్న నోరే, నా రెండు చేతులూ పట్టుకుని ఏమందో విను. "ఇప్పుడు డాక్టర్లు శానా బాగా సేత్తన్నారు కామేశ్వరీ. పడుకుని లేసినట్టే ఉంతాది." రెండు నెలల్లో నా వయసు తగ్గిపోయింది. నేను బల్ల మీద పడుకుంటే ఇప్పుడు జనం నవ్వరు, దండం పెడతారట. రవి అన్నాడు.

ఆయన మాత్రం చాలా రోజులు అడగలేదు. అందరితోనూ అడిగించారు. మొన్న నేను కాళ్ళకి నూనె రాస్తుంటే, గోడ వైపు తిరిగి, "కామేశ్వరీ, నాకు ఇత్తావేటి?" అన్నారు. పేరు పెట్టి పిలిచారు. నాకు పేరుందని ఆయనకి గుర్తున్నందుకే సగం ఒప్పేసుకున్నాను. "ఇస్తానండీ" అన్నాను. ఆయన వీపు కదిలింది. ఏడ్చారనుకుంటాను.

విశాఖపట్నం డాక్టరు పిల్లకి ఫోన్ చేసి రానని చెప్పాను. కిడ్నీ ఇచ్చాక ముక్కు చేస్తావా అని అడిగాను. "ఒక్క కిడ్నీతో ఉన్నవాళ్ళని ప్రాణావసరం లేని ఆపరేషన్‌కి నేను తీసుకోనమ్మా" అంది. సరేలే, రెంటిలో ఒకటే అని తేలిపోయింది. నన్ను గొప్పదాన్ని అనుకోకు. ఎవరికైనా నా అవసరం పడటం బాగుంది, అంతే. ఇంట్లో నా కంచం ముందు పెడుతున్నారు. కీర్తి నా జడ వేస్తోంది. అది పోగొట్టుకోవాలని లేదు.

నీ చెల్లి,
కామేశ్వరి


కాశీబుగ్గ,
నవంబరు 20

అక్కా,

నా కిడ్నీ పనికిరాదన్నారని నీకు ఉషారాణి వదిన చెప్పే ఉంటుంది. నువ్వు గుడిలో నా పేరున అర్చన చేయించావట. నాకేమీ జబ్బు లేదు. నీకొక్కదానికే చెబుతున్నాను.

ఆస్పత్రిలో చివరిగా, కిడ్నీ ఇచ్చే మనిషిని ఒక్కదాన్నే గదిలోకి పిలిచి మాట్లాడతారు. మేమందరం బయట వరండాలో ఉన్నాం. ఆయన చక్రాల కుర్చీలో, బతుకుతానన్న ధైర్యంతో, చాలా రోజుల తరవాత హుషారుగా ఉన్నారు. పక్క కుర్చీలో డొంకూరు నుంచి వచ్చిన చేపల వేట మనిషి, ఎల్లాజీ అని, అతనూ అదే జబ్బు మనిషి. "మీకు ఎవులిత్తన్నారు బాబూ?" అని అడిగాడు. "మా ఆవిడ. కిడ్నీ అయితే పర్నేదు గానీ, దాంతో పాటు ముక్కు కూడా ఒచ్చీసిందంటే నా బతుకేటవుతాదో" అన్నారు. రవి నవ్వాడు. పాపారావు నవ్వాడు. ఎల్లాజీ నవ్వలేదు, నా వైపు చూసి తల దించుకున్నాడు. అప్పుడే నా పేరు పిలిచారు.

కోపంతో లోపలికి వెళ్లాననుకోకు. అలవాటే కదా. లోపల ఆస్పత్రి తరఫున ఒక పెద్దావిడ ఉంది. తలుపు తనే మూసి వచ్చి, నా ఎదురుగా కూర్చుని, "మీ ఇష్టంతోనే ఇస్తున్నారా? ఇక్కడ చెప్పింది ఈ గది దాటి బయటికి పోదు" అంది. అవునండీ అనబోయాను. నోరు తెరిచాను కూడా. ఆవిడ ఊరికే చూస్తోంది. నా ఇష్టం అనే మాట నా చెవిన పడి ఎన్నాళ్ళైందో. "లేదండీ" అన్నాను. నా గొంతేనా అనిపించింది. ఆవిడ ఎందుకని అడగలేదు. "చివరి పరీక్షల్లో మీకు మత్తూ కోతా పడవని, మీ కిడ్నీ తీయలేమని తేలిందని మీ వాళ్ళకి చెబుతాం. ఎప్పుడైనా మనసు మారితే రండి, మళ్ళీ మాట్లాడదాం" అంది.

ఆ చివరి మాటే నన్ను పట్టుకుంది అక్కా. ఇప్పటికీ వెళ్లొచ్చు. రైలెక్కి, ఆ గది తలుపు కొట్టి, ఇస్తానని చెప్పొచ్చు. పొద్దున లేవగానే అదే గుర్తొస్తుంది. నీళ్ళ గ్లాసు కొలిచి ఆయన చేతికిస్తాను. ఆయన తాగి, ఇంకొంచెం అన్నట్టు చూస్తారు. డాక్టరు వద్దన్నారంటాను. ఆ రోజూ వెళ్లను. చనిపోయినవాళ్ళ కిడ్నీ దొరికితే పెడతామని పేరు రాసుకున్నారు. మన ముందు చాలామంది ఉన్నారట.

వార్త చెప్పిన రోజు ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నారు. ఉషారాణి వదిన మాత్రం, "అక్కరకొచ్చే ఒక్క పనీ దీని వల్ల కాదు" అని నాకు వినబడేలాగే అంది. నా కంచం మళ్ళీ ఆఖరికి వెళ్లింది. కీర్తి జడ వేయడం మానేసింది.

ముక్కు సంగతి అడుగుతావని తెలుసు. అది ఇలాగే ఉంటుంది. మత్తుకీ కోతకీ పనికిరాని మనిషినని ఇంటిల్లిపాదీ నమ్మాక, ముక్కు కోసం బల్ల ఎక్కితే అబద్ధం బయటపడిపోతుంది. లేదండీ అన్న ఆ ఒక్క మాటకి నేను చెల్లించుకున్నది అదే. మొదట్లో బాధపడ్డాను. ఇప్పుడు డయాలసిస్ జరిగినంతసేపూ ఆయన మంచం ఎదురుగా కుర్చీ వేసుకుని, తల ఎత్తి కూర్చుంటున్నాను. ఆయన పక్కకి తిరగలేరు, చేతికి సూదులుంటాయి. చూడాల్సిందే.

నిన్న కొత్త నర్సు కుసుమ అని వచ్చింది. గొట్టాలు తగిలిస్తూ, "అమ్మగారు ఇవ్వలేకపోయారా అండీ" అని అడిగింది. ఆయన ముఖం ఎంత పీక్కుపోయిందో, అయినా వినేవాళ్ళు దొరికారు కదా, కళ్ళు మెరిశాయి. "ఇది పుచ్చు పిక్కమ్మా. పైన సూత్తే గట్టిగా ఉంతాది. పగలగొడితే లోపల ఏటీ నేదు. నా ఏపారంలో ఇలాటి సరుకుకి నేనెప్పుడూ మోసపోనేదు, ఇంట్లోనే మోసపోయినాను" అన్నారు. పక్క మంచాల వాళ్ళంతా నవ్వారు.

నేనూ నవ్వాను అక్కా. పెళ్లైన దగ్గర్నుంచీ ఆయన మాటకి నాకు నిజంగా నవ్వొచ్చింది అదే మొదటిసారి. కళ్ళలో నీళ్ళొచ్చేలా నవ్వాను. అందరి నవ్వూ ఆగిపోయాక కూడా నాది ఆగలేదు. ఆయన నా వైపు చూశారు. ఎందుకు నవ్వుతున్నానో ఆయనకి తెలియలేదు. ఏదో తనకి తెలియనిది ఉందని మాత్రం తెలిసింది. అప్పుడు నవ్వడం మానేసి, "ఏటే?" అన్నారు చిన్నగా. "ఏమీ లేదండీ" అన్నాను.

ఇంటికొచ్చే దాకా ఆయన నన్ను చూస్తూనే ఉన్నారు. భయపడ్డారనుకుంటాను. పడుకునే ముందు నీళ్ళు నన్ను అడగలేదు, రవిని అడిగారు.

నేను చేసింది తప్పని రాయకు. తప్పు కాదని కూడా రాయకు.

నీ చెల్లి,
కామేశ్వరి