హన్నా సైకిల్

అక్టోబర్ 12, ఆదివారం

చర్చి నుంచి రాగానే సైకిల్ మీద ఆరేసిన తువ్వాలు తీసి మా ఆయన ఒళ్లో పడేశాను. ఇకమీదట దాని మీద ఏమీ ఆరేయొద్దన్నాను.

అది ఇంటికొచ్చి ఎనిమిది నెలలైంది. షుగర్ వచ్చింది, ఒళ్లు కదిలించమని డాక్టర్ చెప్పిన వారానికే మా ఆయన వరప్రసాదం గారు బెంగళూరు నుంచి తెప్పించారు. సన్న టైర్లు, కిందికి వంగిన హ్యాండిల్, చూస్తే ముద్దొస్తుంది. రెండు రోజులు తొక్కారు. మూడో రోజు సీటు బాగాలేదన్నారు. తర్వాత రోడ్డు బాగాలేదన్నారు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. హైస్కూల్లో లెక్కలు చెప్పే మనిషి కదా, సాకులు కూడా స్టెప్పుల వారీగా వస్తాయి.

సాయంత్రం కౌల్ బజార్ సందులో నేనే తొక్కాను. నలభై ఏడేళ్ల టైలరమ్మని, చుడీదార్, నెత్తిన ఆయన హెల్మెట్. చిన్నప్పుడు హగరి ఫారం క్వార్టర్స్ నుంచి బడికి సైకిల్ మీద పోయినదాన్నే. కాళ్లు మరిచిపోలేదు. పక్క షాపు యశోద మాత్రం కందకు లేని దురద కత్తిపీటకేందక్కా అని నవ్వింది. నవ్వనీ.

సీటు నాకు ఎత్తు. దించుకున్నాను. ఎక్కడికి దించానో గుర్తుండటానికి సీటు కడ్డీకి మిషన్ దారం, ఎర్రది, చుట్టి ముడేశాను.

అక్టోబర్ 13

కూర్చోలేను. రోజంతా నిలబడి కటింగ్ మాత్రమే చేశాను.

అక్టోబర్ 25, శనివారం

దీనికి ప్రత్యేకంగా ప్యాంట్లు దొరుకుతాయని మా అమ్మాయి షెకైనా ఫోన్‌లో చూపించింది. వెనక మెత్త పెట్టి కుడతారట. ఇరవై ఏళ్లుగా ఊరందరికీ కుడుతున్నాను, నాకు ఒకటి కుట్టుకోలేనా? పాత స్ట్రెచ్ బట్ట తీసి, బ్లౌజుల్లో పెట్టే కప్పుల స్పాంజ్ మూడు పొరలు వేసి కుట్టాను. చుడీదార్ లోపల ఎవరికీ కనబడదు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు.

అది వేసుకుని సంగనకల్లు గుట్ట దాకా పోయొచ్చాను. రాతియుగం వాళ్లు ఉన్న చోటని పిల్ల చెప్పింది. అక్కడి నల్ల బండల్ని చిన్న రాయితో కొడితే మోగుతాయి. నేనూ కొట్టాను. నిజంగానే మోగింది. వేల ఏళ్ల కింద ఎవరో ఒక ఆడమనిషి కూడా పిండి విసరడం ఆపి ఇట్లాగే కొట్టి ఉంటుంది, ఏ పనీ లేక కాదు, పని చాలా ఉండి.

నవంబర్ 8

హగరి బ్రిడ్జి. నదిలో ఇసుకే ఎక్కువ, నీళ్లు ఒక పాయ. బ్రిడ్జి మీద లారీ వెనక నుంచి హారన్ కొడితే పక్కకి దిగలేదు. నా దారిలో నేనే పోయాను. 

నవంబర్ 16, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరయ్యగారు ప్రకటించారు. క్రిస్మస్ తర్వాత శనివారం సంఘం పిక్నిక్, తుంగభద్ర ఒడ్డున కెంచనగుడ్డకి. బస్సు మాట్లాడారు. పేర్లు ఇమ్మన్నారు.

ఇంటికొచ్చాక మా ఆయన చల్లగా చెప్పారు. సైకిల్ ఆదోనిలో వాళ్లన్న కొడుకు షాలోమ్‌కి ఇచ్చేస్తానన్నారట, కొత్త సంవత్సరానికి వచ్చి తీసుకుపోతాడట. మనింట్లో తొక్కేవాళ్లెవరున్నారు అన్నారు. నెల రోజులుగా నేను తొక్కుతుంటే ఆయన కంటికి ఏం కనబడిందో మరి. ఒళ్లు మండిపోయింది. పిక్నిక్‌కి నేను బస్సులో రాను, సైకిల్ మీద వస్తానన్నాను. నోటికొచ్చింది, అనేశాను.

ఆయన నవ్వలేదు. నవ్వినా బాగుండేది. లెక్క చెప్పినట్టు చెప్పారు. అరవై కిలోమీటర్ల పైనే ఉండాది హన్నా, నీ కాళ్లతో కెంచనగుడ్డ చేరితే సైకిల్ నీది, చేరకపోతే షాలోమ్‌ది, మళ్లీ ఏడ్సకూడదు.

ఈ ఇంట్లో నాదంటూ ఉన్నది కుట్టుమిషన్ ఒక్కటే. అది కూడా సంపాదించే వస్తువు కాబట్టి. నాకు ఈ సైకిల్ కావాలి.

నవంబర్ 29, శనివారం

పోయింది. అంతా పోయింది.

ముందుగా ఒకసారి పోయి చూద్దామని తెల్లారకముందే బయల్దేరాను. సిందిగేరి దాటాను, తెక్కలకోట గుట్టలు దాటాను. సిరుగుప్ప దగ్గర ఊళ్ల రోడ్డుకి తిరిగి కొంత పోయాక ఇక రెండు కిలోమీటర్లే అని బోర్డు. రెండు వైపులా కోసిన మళ్లు. రోడ్డు మీద వడ్లు ఆరబోశారు, చుట్టూ రాళ్లు పేర్చారు, బండ్లు పోవడానికి ఒక పక్క వదిలారు. కాళ్లలో బలం లేదు, హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతోంది. ముందు టైరు వడ్లలోకి దిగింది. వడ్ల మీద సన్న టైరు నిలవదని నాకేం తెలుసు? జర్రున జారి వడ్లలోనే పడ్డాను. వెనక టైరుకి జాలిముల్లు దిగింది.

ఒక పెద్దావిడ వడ్లు ఎగదోసే పార పట్టుకుని లేచొచ్చింది. పేరు ఉచ్చెంగమ్మ. ఏందే తాయీ, కండ్లు యాడ పెట్టుకోని తొక్కుతాండావు, అది నా కూడు అని మొదలుపెట్టి మా ఏడు తరాలనూ వదల్లేదు. చెప్పులు, టైర్లు తగిలితే వడ్లు మట్టైపోతాయట, ఆమె వడ్ల పక్కన ఎవరైనా చెప్పులు విడిచే నడవాలట.  బూట్లు విప్పి, మోకాళ్ల మీద కూర్చుని, చెదిరిన వడ్లన్నీ చేత్తో లోపలికి ఎగదోశాను. మోకాలి నుంచి రక్తం కారుతోంది. ఆమె చూసి, తిట్టడం ఆపకుండానే లోపలికి పోయి మజ్జిగ తెచ్చిచ్చింది.

అక్కడి నుంచి ఫోన్ చేస్తే మా ఆయన టెంపో మాట్లాడుకుని వచ్చారు.  టెంపో డ్రైవర్‌తో దారంతా క్రికెట్ గురించి హుషారుగా మాట్లాడారు.

నదిని చూడనైనా చూడలేదు.

నవంబర్ 30

చర్చిలో అందరూ నా మోకాలి గురించే అడిగారు. అందరికీ ఎట్లా తెలిసిందో ఆయన్ని అడగలేదు.

డిసెంబర్ 13

తెక్కలకోట దాకా పోయి మళ్లీ తొక్కుకుంటూ వచ్చాను. ఎదురుగాలి. తిట్టుకుంటూ తొక్కాను. ఎవరినో రాయను. పంక్చర్ వేయడం షెకైనా, నేను ఇద్దరం నేర్చుకున్నాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట గెలవడానికే రచ్చకి పోవాల్సి వస్తోంది.

డిసెంబర్ 25

క్రిస్మస్. బ్లౌజులన్నీ అందరికీ అందాయి. నా చీరకే ఫాల్ లేదు.

డిసెంబర్ 27, శనివారం, ఉదయం

బయల్దేరుతున్నాను. ఆయన నిద్రపోతున్నట్టు నటిస్తున్నారు.

డిసెంబర్ 27, సాయంత్రం

రాయాలి. కాళ్లు నావి కానట్టున్నాయి, చెయ్యి మాత్రం రాయమంటోంది.

సిందిగేరిలో టీ తాగాను. తెక్కలకోట గుట్ట నీడలో అరటిపండు తిన్నాను. అక్కడే మా బస్సు నన్ను దాటింది. సండే స్కూల్ పిల్లలు కిటికీల్లోంచి చేతులు ఊపారు, హన్నా ఆంటీ అని అరిచారు. మా ఆయన అటువైపు చూస్తూ కూర్చున్నారు. బస్సు కనుమరుగయ్యాక కొంచెం ఏడుపొచ్చింది. వాళ్లందరూ తిని చేతులు కడుక్కునే వేళకి చేరతానేమో అనిపించింది. అయినా తొక్కాను.

ఊళ్ల రోడ్డుకి తిరిగి, ఉచ్చెంగమ్మ ఊరి దగ్గరికొచ్చేసరికి ఎదురుగా మా బస్సు. ఆగి ఉంది. ఆలస్యపు కోతట, వాన రాకముందే ఎండిపోవాలని ఊరంతా ఒక్కసారే ఆరబోశారు. ఈ చివర నుంచి ఆ చివర దాకా వడ్లే. ఒక పక్కన మనిషి పట్టేంత జాగా వదిలారు, అంతే. డ్రైవర్ మౌనేశ్ హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. ఉచ్చెంగమ్మ బస్సు ముందు వడ్ల గట్టు మీద కాళ్లు చాపుకుని కూర్చుంది. సాయంత్రానికి ఎత్తుతాం, అంతదాకా ఏ దొర వచ్చినా ఈడే ఉండాల అంటోందట. మా అయ్యగారు నచ్చజెప్పి నచ్చజెప్పి నీడకు పోయి నిలబడ్డారు.

నేను దిగాను. ఎవరూ చెప్పకుండానే బూట్లు విప్పి, లేసులు ముడేసి మెడలో వేసుకున్నాను. సైకిల్ ఎత్తి భుజాన పెట్టుకున్నాను. ఉచ్చెంగమ్మ నన్ను పైనుంచి కిందికి చూసింది. ఓ, పడిన తాయివా, మోకాలు మానిందా అని అడిగింది. మానిందన్నాను. పో మరి అని కాళ్లు ముడుచుకుంది.

సంఘమంతా చూస్తుండగా నేను బస్సు దాటాను. రాయడానికి సిగ్గేం లేదు, జన్మలో అంతగా ఎప్పుడూ గర్వపడలేదు.

మా ఆయన వెనకాలే పరుగెత్తుకొచ్చారు. మోస్తే లెక్కలోకి రాదన్నారు. తొక్కాల్సిందేనన్నారు. నీ కాళ్లతో అన్నారు గదప్పా, ఇవి ఎవరి కాళ్లు అన్నాను. ఆగు, అందరం కలిసి పోదామన్నారు. ఆగలేదు. వడ్లు అయిపోయిన చోట సైకిల్ దించి ఎక్కాను.

కెంచనగుడ్డ. కొండ మీద గంగాధరుడి గుడి, కింద రాయల కాలం నాటి ఆనకట్ట, దాని పక్క నుంచి అప్పటి కాలువే ఇంకా నిండుగా పారుతోంది. ఉచ్చెంగమ్మ మడికి పోయేదీ ఈ నీళ్లే అయి ఉండాలి. ఒక పుట్టిలో ఎవరో బైకు ఎక్కించుకుని అవతలి ఒడ్డుకి పోతున్నారు. సైకిల్‌ని రాతికి ఆనించి తుంగభద్రలో మోకాళ్ల దాకా దిగాను. చుట్టూ మా వాళ్లు ఒక్కరు లేరు. బిగ్గరగా నవ్వాను. పుట్టిలో వాళ్లు తిరిగి చూశారు.

చాలాసేపటికి సంఘం వచ్చింది, బస్సు వడ్ల దగ్గరే వదిలి నడుచుకుంటూ. అందరూ ఉత్త కాళ్లతో. పట్టుచీరలు ఎత్తిపట్టుకున్న ఆంటీలు, చెప్పులు చేతుల్లో. చివర్న మా ఆయన, పలావ్ దేగిసాని ఇంకొకరితో చెరో వైపు పట్టుకుని, ఎర్రబడిన మొహంతో.

తినేముందు సాక్ష్యాలు చెప్పడం మా వాళ్లకి అలవాటు. ఒక్కొక్కరు లేచి ఈ ఏడాది దేవుడు చేసిన మేలు చెబుతారు. పరీక్షలు, ఆపరేషన్లు, పెళ్లిళ్లు. మా ఆయన వంతు వచ్చింది. షుగర్ తగ్గిందని చెబుతారనుకున్నాను.  లేచి కళ్లు మూసుకుని ప్రార్థనలోకే దిగారు. ప్రభువా, బస్సు ఆగిన చోట కూడా ఆగకుండా హన్నాను, హన్నా సైకిల్‌ను క్షేమంగా ఈ నది దాకా నడిపించినావు, నీకు స్తోత్రం అన్నారు.

అందరూ ఆమెన్ అన్నారు. నేను అందరికంటే గట్టిగా అన్నాను.

హన్నా సైకిల్ అన్నారు. దేవుడి ముందు, సంఘం ముందు, ఆ నోటితోనే. ఇక దాన్ని వెనక్కి తీసుకునే లెక్క ఏ పుస్తకంలోనూ లేదు. పలావ్ రెండుసార్లు వడ్డించుకున్నాను. తిరిగి వచ్చేటప్పుడు ఉచ్చెంగమ్మకి ఒక గిన్నె ఇచ్చాను. ఉప్పు తక్కువుండాది అంది, గిన్నె మాత్రం ఖాళీ చేసి ఇచ్చింది.

ఇంటికి బస్సులోనే వచ్చాను. సైకిల్ టాపు మీద. కట్టింది మా ఆయనే, రెండు తాళ్లతో.

డిసెంబర్ 28

షాలోమ్‌కి ఆయనే ఫోన్ చేశారు. అది మీ పిన్నిదిరా, ఆమెనే అడుగు అన్నారు. షాలోమ్ అడిగాడు. ఇవ్వనన్నాను.

జనవరి 11, ఆదివారం

సీటు పైకి లేచి ఉంది, ఎర్రదారం ముడి బిగింపుకి నాలుగు వేళ్లు పైన. టైర్లకి తడి మట్టి. మా ఆయన నడుం పట్టుకుని నడుస్తున్నారు, ఏమైందని అడిగితే ఏం లేదన్నారు.

సీటు దించి ముడి దగ్గర పెట్టాను. తొక్కుకోనీ, నాకేం బాధలేదు. అడిగి తీసుకోవాలి, అంతే.