పాప గట్టిగా ఏడ్చింది

ధర్మవరం, 1938, మార్గశిర మాసం, బుధవారం రాత్రి.

దేవుడా, ఈ రోజు నా బంగారుతల్లి గట్టిగా ఏడ్చింది! మా ముసలితనంలో, అదీ ఏడో నెలకే పుట్టిన పిల్ల. నిమోనియా పట్టినప్పటి నుంచి డొక్కలెగరేయడమే గాని ఏడవడానికి ఊపిరి చాలేది కాదు. నిద్రలేక నాకూ, దాని తల్లికీ కళ్లు మండుతున్నాయి.

పట్టుపోగులు తెగకూడదని మగ్గం గదిలో నేల తడిపి, కిటికీ మూసి ఉంచుతాము. ఉన్నది ఆ ఒక్క గదే. బయటి చలిగాలి తగలదు గదా అని ఉయ్యాల కూడా అక్కడే కట్టాము. మొన్న డాక్టరు వచ్చి, "ఈ చెమ్మలో బిడ్డ ఎట్ల బతుకుతాదప్పా?" అని కోప్పడ్డాడు. అప్పటి నుంచి నేల తడపలేదు, పగలంతా కిటికీ తెరిచే ఉంచాము.

ఇప్పుడు పోగులు పుటుక్కు పుటుక్కున తెగుతున్నాయి. పెళ్లివారు నేయమన్న చీర మగ్గం నుంచి ఎప్పటికి దిగుతుందో. సాయంత్రం ముడులు వేసుకుంటూ ఉంటే పాప ఏడుపు అందుకుంది. పక్కింటి ఓబులప్ప వాకిట్లోకి వచ్చి, "ఏమప్పా, నీ కూతురు నా మగ్గం సప్పుడు గూడా ఇననీకుండా సేస్తాండాది!" అన్నాడు.

"ఏడ్చనీలేబ్బా, ఇంగా ఏడ్చనీ!" అన్నాను.

"దిష్టి తగులుతాది, ఊరికుండండి" అని నా భార్య కసిరింది, నవ్వుతూనే.

జ్వరం పూర్తిగా దిగలేదు. డాక్టరు ఇంకా ఏ మాటా ఇవ్వలేదు. ఇది రాస్తూ ఉండగా పాప రొమ్ములో పిల్లికూతలు వినబడకపోయేసరికి, లేచి వెళ్లి ముక్కు దగ్గర వేలు పెట్టాను. ఊపిరి వెచ్చగా తగిలింది. హాయిగా నిద్రపోతోంది, నా బంగారుతల్లి...