కెజియా తల్లి పేరు

మార్చి 6, 2016, ఆదివారం

ఇవాళ ప్రసంగంలో ఫరో మీద నిప్పులు కురిపించాను. రేకుల మందిరం దద్దరిల్లింది. ఐదేళ్లలోపు బిడ్డ ఉన్న తల్లి విదేశాల్లో ఇంటిపనికి పోకూడదట, కొలంబో సర్కారు రూలు. తేయాకు కోసిన కూలితో ఆ బిడ్డకు పాలు ఎవరు పోస్తారో ఆ రూలులో రాయలేదు.

ఆరాధన అయ్యాక పాక్కియం ఆగింది. కూతురు యోగమలర్‌కు రియాద్‌లో పని కుదిరిందట. అడ్డం మూడేళ్ల కెజియా. తోట కూలీల లైను గదిలో పుట్టిన పిల్ల, పుట్టుక రిజిస్టర్ కాలేదు. అది నా ఆఖరి కాన్పని రాసివ్వు తమ్ముడూ, మందిరం ముద్రుంటే గ్రామాధికారి నోరెత్తడు, అంది. యాభై ఏళ్లకు కాన్పా అక్కా అంటే, శారా తొంభయ్యేళ్లకు కనలేదా, బల్ల గుద్ది మరీ చెప్పింది నువ్వే కదా, అని నవ్వింది.

మార్చి 7

మోషే తల్లి బిడ్డను దాచింది. సొంత బిడ్డకే దాదిగా కూలికి కుదిరింది. దేవుడు తప్పు పట్టలేదు.

'దేవుని ఎదుట' అని మొదలుపెట్టి రాశాను. ముద్ర వేశాను.

మార్చి 17

రేపు గ్రామాధికారి ఇల్లు చూడటానికి వస్తాడు. పిల్లకు పాఠం చెబుతున్నారు. యోగమలర్‌ను అక్కా అనాలి. అమ్మా అన్నప్పుడల్లా చేతిలో బిస్కెట్ లాగేసుకుంటున్నారు. సాయంత్రానికి నేర్చేసుకుంది. యోగమలర్ పొయ్యి దగ్గరికి వెళ్లి చాలాసేపు ఇవతలికి రాలేదు.

మే 2

యోగమలర్ వెళ్లింది.

జూన్ 24, శుక్రవారం

ఫోన్ చేసింది. గొంతు బాగా తగ్గించి మాట్లాడింది. పాస్‌పోర్టు వాళ్ల దగ్గరే ఉందట. ఆమె గదికి లోపల గడియ లేదట. ఆ ఇంటి పెద్దకొడుకు రోజూ వచ్చి తలుపు తీసి నిలబడతాడట. ఏమీ అనడట. ప్రార్థన చెయ్యండి బ్రదర్, అంది. బీరువా తలుపుకు అడ్డం జరుపుకో అమ్మా అన్నాను. గదిలో చాప తప్ప ఏమీ లేదు బ్రదర్, అంది.

జులై 15, శుక్రవారం

మూడు శుక్రవారాలు. స్విచాఫ్.

జులై 20

పాక్కియంతో కొలంబోలో విదేశీ ఉద్యోగాల ఆఫీసుకు వెళ్లాను. కౌంటర్‌లో మేడమ్ మంచి మనిషే. పసిబిడ్డ తల్లి అయితే ముందు ఆమెను రప్పించమని ఈరోజే పైకి రాస్తాను, పిల్ల సర్టిఫికెట్ ఇవ్వండి, అంది.

నా ఉత్తరం మీద పుట్టిన సర్టిఫికెట్‌నే పాక్కియం ఇచ్చింది. మేడమ్ చదివింది. తల్లివి నువ్వేనమ్మా, ఇక్కడే ఉన్నావుగా, అంది. మీ అమ్మాయి ఫైలు వరుసలో పెడతాను, చాలా ఉన్నాయి, అంది. పాక్కియం నా వైపు తిరిగింది. నేను నా చెప్పుల వైపు చూసుకున్నాను.



జులై 21

చెబితే నాకు జైలు. మందిరానికి తాళం. బైబిలు ఎక్కడ తెరిచినా యోనాయే కనిపిస్తున్నాడు. లేచి వెళ్లమంటే ఓడెక్కి పారిపోయినవాడు.

జులై 25

వెళ్లాను. మొదటి ఉత్తరం అబద్ధం, కెజియా యోగమలర్ కన్నబిడ్డే అని రాసిచ్చాను.

మేడమ్ ఫైల్లోని పాత ఉత్తరం తీసి పక్కన పెట్టింది. రెండూ దేవుని ఎదుటే. సంతకం ఒకటే. ముద్ర ఒకటే. దేన్ని నమ్మమంటారయ్యా, అని అడిగింది. వెక్కిరింపు కాదు, నిజంగానే అడిగింది. విచారణకు పంపాలట. మూడు నెలలట.

ఆ గదికి గడియ లేదమ్మా అన్నాను. అది ఏ కాలమ్‌లో రాయాలో ఆమెకు తెలియలేదు.

ఆగస్టు 5, శుక్రవారం

ఫోన్ రాలేదు.

పై లైన్ల నుంచి ఎవరో అమ్మాయి వచ్చింది, చంకలో చంటిది. మీ ఉత్తరం బాగా పనిచేస్తుందట కదా బ్రదర్, అంది. రాయనన్నాను. సరే, విజిట్ వీసా మీద పంపే మనిషున్నాడు, వాడు ఏ కాగితమూ అడగడు, అంది.

ఇంకా గుమ్మంలోనే కూర్చుని ఉంది. పాప పేరు అడగలేదు నేను.