వేణు ఆపిన చోటు

అక్టోబరు 2, దసరా

ఈ ఏడాది మాకు పండగ లేదు. మా అబ్బాయి వేణు పోయి ఏడాది తిరిగేదాకా ఉండదు. మా ఆయన ట్రాక్టరు కడగలేదు, నిమ్మకాయ కట్టలేదు.

వేణు ప్రతి దసరాకీ ట్రాక్టరు పూజ అయ్యాక టీవీ కింద ఉన్న తన చిన్న కంప్యూటరుకీ బొట్టు పెట్టేవాడు. అరచేతిలో పట్టేంత పెట్టె, దానికి వైర్లతో తగిలించిన రెండు డిస్కులు. ఇంట్లో తీసిన వీడియోలన్నీ దాంట్లోంచే టీవీలోకి వస్తాయి. వాడి గొంతు మిగిలింది అక్కడే. దాన్ని బొట్టు లేకుండా ఎలా వదిలేది... ఆయన చేనికి వెళ్ళాక వైర్లన్నీ పీకి, తుడిచి, పసుపు రాసి కుంకం పెట్టాను. మళ్ళీ గుచ్చాను.

అక్టోబరు 3

టీవీలో వేణు పేరు వస్తోంది. దాని మీద నొక్కితే ఏమీ లేదు. నల్లగా.

అక్టోబరు 4

ఆయనకి చెప్పక తప్పలేదు. "ఏడాది తిరక్కుండా బొట్లేంటే నీకు?" అని అరిచారు. తర్వాత దొడ్లోకి వెళ్ళి చాలాసేపు అక్కడే నిలబడ్డారు.

అక్టోబరు 6

పెట్టెని గుంటూరు తీసుకెళ్ళాం. షాపతను — "మొత్తం చెరిపేసి మళ్ళీ వేస్తానమ్మా, కొత్తదైపోద్ది."

చేతిలోంచి లాక్కున్నాను. బస్సులో ఒళ్ళో పెట్టుకునే వచ్చాను.

అక్టోబరు 7

పత్తి తీతకి కూలీలు వచ్చారు. వండాను. నాకు సయించలేదు.

అక్టోబరు 11

పొన్నూరు నుంచి మా అమ్మాయి సుజాత వచ్చింది. అన్న నేర్పింది కొంత దానికి తెలుసు.

నాకూ ఒకసారి చెప్పాడు వేణు, పోపుల పెట్టె ముందు పెట్టుకుని — "నా కంప్యూటరూ ఇంతేనే అమ్మా. పెట్టె ఒకటే, గిన్నెలు వేరు. వీడియోలు చూపించే ప్రోగ్రాం ఒక గిన్నె, పాటల ప్రోగ్రాం ఇంకో గిన్నె. ఒకటి పాడైతే అదొక్కటే తీసి కడుక్కోవచ్చు." "నా ఆవాలు ఒలకబొయ్యకురా ముందు" అన్నాను.

సుజాత ఆ వీడియోల గిన్నె ఆపింది, మళ్ళీ మొదలుపెట్టింది. నలుపే. సాయంత్రానికి ఉన్నట్టుండి నెత్తి కొట్టుకుంది.

"అయ్యో అమ్మా! వీడియోల డిస్కు ఒకటి, పాటల డిస్కు ఒకటి. నువ్వు వైర్లు తారుమారు గుచ్చావే. అది పాటల డిస్కులోకెళ్ళి వీడియోలు వెతుకుతోంది."

"అయితే పోలేదా?"

"ఎక్కడికి పోతాయే? ఉన్నచోటే ఉన్నాయి."

వాకిట్లోకి వచ్చి ఏడ్చాను. మనుషుల గురించి కూడా ఎవరన్నా అలా చెబితే...

అక్టోబరు 12

వచ్చాయి. అన్నీ.

అన్నిటికన్నా ముందు, వేణు చూస్తూ మధ్యలో ఆపింది ఒకటి. నేను మిరప కళ్ళంలో తెల్లబారిన తాలుకాయ ఏరుతుంటే వాడే తీశాడు. "ఇటు చూడవే అమ్మా" — "పని చూసుకోరా"... దాని కింద గీత. వాడు చూసినంత మేర, సగందాకా ఎరుపు. పోయిన రోజు పొద్దున ఇక్కడే కూర్చుని చూస్తున్నాడు. ఎవరో ఫోన్ చేస్తే ఆపి బండి తీశాడు. మార్టూరు దగ్గర రాళ్ళ లారీ...

"పెట్టనా అమ్మా? అన్నయ్య మాట్లాడతాడు ఇందులో."

"పెడితే ఆ గీత జరిగిపోద్దా?"

"జరుగుద్ది మరి."

ఆయన కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. "పెట్టవే" అన్నారు, మెల్లగా.

ఉండమన్నాను. వాడు ఆపిన చోటది.

అక్టోబరు 13

సుజాత వెళ్ళిపోయింది. పెట్టె మీద బొట్టు అలాగే ఉంది, ఆయనా తుడవలేదు. చేనికీ పోలేదు. టీవీ ఎదురుగా కూర్చుని ఆ గీత వంకే చూస్తున్నారు. రిమోటు నా ఒళ్ళో —