అంచులు కోయగా మిగిలిన మా సంఘ చరిత్ర

అయ్యా,

విషయం: పుస్తకాల బైండింగు పనివారల సంఘం గదికి తాళం వేయకుండా ఆపుట, గడువు తేదీ మరలా తెలుపుట గురించి.

సంఘాలను నమోదు చేసే తమ కార్యాలయం నోటీసు నిన్న అందింది. సంఘ చరిత్రను పుస్తకరూపంలో సమర్పించని పక్షంలో సంఘం లేనట్టే భావించి, మేము పని చేసుకునే గదికి తాళం వేస్తామని అందులో ఉంది. ఏ తేదీన వేస్తారో అడుగున ఉండి ఉండాలి. నేను అక్కడిదాకా చదవకముందే, సంఘాధ్యక్షులైన మా పెదనాన్న కాగితం అంచు వంకరగా ఉందని కోసేశారు. తేదీ, తమ సంతకం, ముద్ర తుక్కులో కలిసి జిగురులో నానిపోయాయి. అందుకే ఆలస్యం చేయక రాస్తున్నాను.

1. వంకర అంచుతో ఏ పుస్తకమూ గడప దాటకూడదన్న పట్టుదలతో మా తాత, ఆయన తోటివారు ఈ సంఘం పెట్టారు. వారెవరికీ చదువు రాదు కనుక, ఒక బడిపంతులు చేత చరిత్ర రాయించారు. అది ఒడి నిండేంత పుస్తకమట.

2. మా అధ్యక్షులు పదవిలోకి వచ్చేటప్పుడు ప్రమాణం చేయరు. ఆ చరిత్రను విప్పి, మళ్ళీ కుట్టి, మూడంచులూ కొత్తగా కోసి చూపిస్తారు. అధ్యక్షులు చాలామంది మారారు.

3. ప్రస్తుతం చరిత్ర అగ్గిపెట్టెలో పడుతుంది. కుట్టు పక్కనున్న మాటలే మిగిలాయి. వ్యవస్థాపకుల పేర్లుండవలసిన పుటలో "మరియు" అని ఉంది. తర్వాతి పుటలో "ఏకగ్రీవంగా". చివరి పుటలో "టీ తాగి".

4. ఈ ఉదయం దాన్నే మా మేనత్త, నేను తమ కార్యాలయానికి తెచ్చాము. గుమాస్తాగారు అరచేతిలో పెట్టుకుని, "ఇది చరిత్రా, తాయెత్తా?" అన్నారు.

"ముందు కుట్టు చూడు నాయనా. ఒక్క దారం లేచిందా?" అంది అత్త.

"కుట్టు ఎవడడిగాడమ్మా? చదవడానికేదీ?"

"చదవడం మా పని కాదు. మా పిల్ల చదువుతుంది."

అయ్యా, ఆ పిల్లను నేనే. మా ఇంట్లో బడి మెట్లెక్కింది నేనొక్కదాన్నే. వీళ్ళు కుట్టిన నోటుపుస్తకాల్లోనే అక్షరాలు దిద్దాను. చదవడం వచ్చి ఆ చరిత్ర తెరిచేసరికి మా తాత పేరు లేదు.

5. ఇప్పుడు పెద్దలను అడిగి చరిత్రంతా తిరిగి రాస్తున్నాను. అయితే తమరు పుస్తకరూపంలో కావాలన్నారు. పుస్తకం చేయాలంటే వీళ్ళ చేతికివ్వాలి. ఇస్తే కోస్తారు. విడి కాగితాలుగా ఇద్దామంటే పెదనాన్న అన్నం మానేశారు. "బైండింగు సంఘం విడి కాగితాలివ్వడమేంటే? తాళం వేసుకోమను, పరువైనా దక్కుతుంది!"

తాళం పడితే పరువు కుట్టుకోవడానికి కూడా చోటుండదు. ఇక్కడి పుస్తకాల నొక్కుడు యంత్రాన్ని బయటికి తీద్దామంటే ఏ గుమ్మంలోనూ పట్టదు. దాని చుట్టూ గోడలు తర్వాత కట్టారు.

కావున చరిత్రను విడి కాగితాలుగా స్వీకరించి, అవి తమరే కోరినట్లు ఒక ఉత్తరువు ఇప్పించవలెనని, మా ఇబ్బందిని దయతో చిత్తగించవలెనని వేడుకుంటున్నాను.

తమ విధేయురాలు,
సంఘ కార్యదర్శి
(అధ్యక్షుల తమ్ముడి కూతురు)

తా.క. పెదనాన్న ఇప్పుడే ఈ అర్జీ చూశారు. "రాత ముత్యాల్లా ఉంది తల్లీ, అడుగున కాస్త ఎగుడుదిగుడు" అంటూ కత్తి కోసం లోపలికి వెళ్ళారు. ఆయన వచ్చేలోగా పోస్టులో వేస్తున్నాను. గడువు తేదీ తెలుపుతూ వచ్చే నెల పదో తేదీలోగా జవాబు దయచేయండి, అంతవరకు తాళం ఆపించండి. అంతా కాగితం నడిమధ్యన రాయించండి. తమ సంతకం కూడా.