రెండో కాగితం మీది సంతకాలు

తరంగాల కేటాయింపు ప్రధానాధికారి గారి సముఖమునకు,

కొండ దిగువ టీవీ రిలే కేంద్రంలో ఇరవై మూడేళ్లుగా పనిచేసి, నలభై మూడు రోజులుగా పని లేకుండా హాజరు పట్టీలో సంతకం మాత్రం పెడుతున్న టెక్నీషియన్ వ్రాసుకొను అర్జీ.

అయ్యా,

విషయం: టీవీ ప్రసార తరంగములను ఫోన్ కంపెనీలకు పునఃకేటాయించుట – మా ఊరి ప్రసారం నిలిపివేత – నాలుగు వందల పన్నెండు సంతకాలు వాపసు కోరుట – గురించి.

సూచిక: తమ కార్యాలయం వారు నాకు పంపిన ప్రశంసాపత్రం.

1. పై పత్రంలో, "వీక్షకులందరి నుండి లిఖితపూర్వక సమ్మతి సేకరించుటలో చూపిన చొరవకు" నన్ను అభినందించియున్నారు. నేను ఎవరి వద్దా ఎట్టి సమ్మతి సేకరించలేదని సవినయముగా మనవి చేసుకొనుచున్నాను. నేను సేకరించినవి రసీదులు. టీవీకి తగిలించే కొత్త పెట్టె, అదే సెట్‌టాప్ బాక్సు, ముట్టినట్టు రసీదులు.

2. సదరు రసీదు పుస్తకాలు తమ కార్యాలయం నుండే వచ్చినవి. పైన రసీదు, మధ్యలో కార్బన్, కింద ఆఫీసు కాపీ. డీజిల్‌కీ బల్బులకీ చీపుళ్లకీ ఇన్నేళ్లుగా అలాంటి పుస్తకాల్లోనే రాసిచ్చాను. కింది కాగితం ఎత్తి చూడాలని ఏనాడూ తోచలేదు, పైనున్నదే కింద కూడా ఉంటుంది కదా. ఇంటింటికీ తిరిగి, "గట్టిగా ఒత్తి పెట్టండి, కింద కూడా పడాలి" అని నా నోటితో నేనే చెప్పాను. పాలకేంద్రం పక్కింటి పెద్దావిడ, "ఎందుకు నాయనా అంత గట్టిగా?" అంటే, "ఆఫీసువాళ్లకి స్పష్టంగా కనపడాలమ్మా" అన్నాను. తమ ప్రశంస చేతికందాక అనుమానం వచ్చి, బీరువాలో మిగిలిన చెడిపోయిన పుట ఒకటి తీసి చదివాను. కింది కాగితం మీద "ప్రస్తుత ప్రసారము నిలిపివేయుటకు మాకెట్టి అభ్యంతరము లేదు" అని ఉన్నది.

3. పెట్టెలు పంచక మునుపే నేను మా పైఆఫీసర్ గారిని అడిగియున్నాను. "సార్, కొత్త సిగ్నల్ పెద్ద ఊరి నుంచి రావాలి. మధ్యలో కొండ అడ్డం కదా, మా వాళ్లకెలా అందుతుంది?" అన్నాను. "కొండకి ఇవతల చిన్న రిలే పెడతారయ్యా. అది పెట్టాకే పాతది ఆపేది. ముందు నువ్వు పెట్టెలు పంచు, నాదీ పూచీ" అన్నారు. ఆ పూచీని నేను నాలుగు వందల పన్నెండు గుమ్మాల్లో నా పూచీగా చెప్పాను. చిన్న రిలే రాలేదు. పాత ప్రసారం ఆపమని ఉత్తరువు వచ్చింది. మీట నొక్కింది కూడా నేనే. ఆ పైఆఫీసర్ గారు బదిలీ అయిపోయారు.

4. పెట్టెలు బాగానే వెలుగుతున్నవి. నీలం రంగు మీద తెల్లటి అక్షరాలతో "సిగ్నల్ లేదు" అని చక్కగా వస్తున్నది. "మీ కొత్త చానల్ బాగుంది బాబాయ్, మధ్యలో ప్రకటనలు కూడా లేవు" అని పాలవాడు ఎగతాళి చేస్తున్నాడు. నిన్నమొన్నటి దాకా నన్ను టవర్ బాబాయ్ అనేవారు. ఇప్పుడు రసీదు బాబాయ్ అంటున్నారు. తల ఎత్తుకుని వీధిలో నడవలేకపోతున్నాను.

5. తమ కార్యాలయానికి ఫోన్ చేయగా ఒక అమ్మాయి, "ఫోన్లో చూసుకోవచ్చు కదండీ, తరంగాలు వాళ్లకి ఇచ్చింది అందుకే కదా" అన్నది. ఆ ఫోన్ కంపెనీ వారి టవర్‌కు మా ఊళ్లో ఇంకా పునాది కూడా పడలేదు. ఆ అమ్మాయితో మాట్లాడటానికే నేను సగం కొండ ఎక్కవలసి వచ్చింది.

6. ఇది అర్జీలో చేర్చదగిన అంశము కాదేమో. అయినా రాస్తున్నాను. మా అక్కకు పుట్టుకతోనే వినపడదు, మాట లేదు. బడికి పంపలేదు. నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది, నన్ను చంకనేసుకుని పెంచింది. మా ఇద్దరి మధ్యా ఉన్నవి వంటింటి సైగలే: అన్నం, నీళ్లు, నొప్పి, ఎవరో వచ్చారు, రేపు. మా చానల్‌లో సాయంత్రం ఐదింటికి సైగలతో వార్తలు చెప్పే అమ్మాయి ఒకతె వచ్చేది. ఆ అమ్మాయిని చూసి చూసి, వీధి చివరి దర్జీని అడిగి అడిగి (అతనికీ వినపడదు, బడిలో సైగలు నేర్చుకున్నవాడు) మా అక్క అరవై దాటాక ఆ భాష పట్టేసింది. రోజూ ఐదింటికి దర్జీ మిషన్ మీద గుడ్డ కప్పి మా ఇంటికి వచ్చేవాడు. వార్తలయ్యాక ఇద్దరూ గంటసేపు ఎన్నికలనీ వరదలనీ వాదించుకునేవాళ్లు. నా ఇంట్లో నేనే పరాయివాడిలా టీ కలిపి ఇచ్చి నిలబడేవాణ్ణి. అంత సంతోషం నేను ఇంకెక్కడా ఎరగను.

రసీదు పుస్తకంలో మొదటి సంతకం మా అక్కదే. వేలిముద్ర కార్బన్‌లో పడదు, పేరే రాయించాలని పైఆఫీసర్ గారు అన్నారు. అందుకని చెయ్యి పట్టి రాయించాను. కింద కూడా పడాలని ఆ చేతిని నేనే ఒత్తాను.

ఇప్పుడు ఐదయ్యేసరికి వచ్చి టీవీ ముందు కూర్చుంటుంది. నా వైపు తిరిగి, బాగుచెయ్యమని చేత్తో చెబుతుంది. టవర్ మొత్తం నడిపినవాడికి ఇదొక లెక్కా అని ఆమె ఉద్దేశం. నేను "రేపు" అని చూపిస్తాను. నలభై మూడు రోజులుగా రేపు అనే చూపిస్తున్నాను. ఉన్నమాట చెప్పడానికి నా దగ్గర సైగ లేదు. దర్జీ దగ్గర ఉంది. చెప్పవద్దని కాగితం మీద రాసి అతన్ని బతిమాలుకున్నాను.

అయ్యా, తమరు నన్ను మోసం చేశారు. నా చేత మోసం చేయించారు. మొదటిదైతే ఎలాగో దిగమింగుకునేవాణ్ణి.

కావున, నేను సేకరించిన సంతకములన్నియు వాపసు ఇప్పించవలెను. చిన్న రిలే పెట్టువరకు పాత ప్రసారమును కొనసాగించుటకు ఉత్తరువు ఇవ్వవలెను. యంత్రం ఈ క్షణానికీ సిద్ధంగా ఉంది, రోజూ దుమ్ము దులుపుతున్నాను. అదంతా వీలుకానిచో కనీసం ఐదింటికి ఒక్క అరగంట. ఆ తరంగాలను అరగంట వాడుకుంటే, టవరే లేని ఆ కంపెనీ వారికి కలిగే లోటేమిటో నాకు అర్థం కావడం లేదు. ఈ మనవిని, కింద ఏ కాగితమూ లేదని నమ్మి, తమరు చిత్తగించవలెను.

ఇన్నేళ్లూ తమ మాట మీద సంతకాలు పెట్టించిన,
తమ విధేయుడు,
రిలే కేంద్రం టెక్నీషియన్.

తా.క.: కవరు అంటించేలోపు ఒకటి జరిగింది సార్. ఇవాళ దర్జీ వచ్చాడు. నేను లోపల టీ కలుపుతున్నాను. బయటికి వచ్చేసరికి అతను చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు, అక్క నన్నే చూస్తోంది. అతను కాగితం తీసుకుని, "మీ అక్కయ్య సూటిగా అడిగింది బాబాయ్, అబద్ధం చెప్పడానికి నాకు చేతులు రాలేదు" అని రాసిచ్చి వెళ్లిపోయాడు. అక్క ఏడవలేదు, కోప్పడలేదు. మా అక్క ఒకరితో మాట్లాడటం మానేయడమంటే ఏమిటో తమకు తెలిసి ఉండదు. వాళ్ల వైపు చూడటం మానేస్తుంది, అంతే. ఎదురుగా వెళ్లి మూడుసార్లు నిలబడ్డాను. ఇప్పుడే అన్నం వడ్డించి వెళ్లింది. కంచం వైపే చూసి వడ్డించింది. మిగతా సంతకాలు తర్వాత పంపినా సరే, ఆమెది మాత్రం ముందు పంపించండి సార్.