రెండు వేళ్ల గుడ్డ

ఒసాకా,
ఆదివారం మధ్యాహ్నం.

ప్రియమైన అక్కకు,

నీ చెల్లెలు రూతు రాసుకుంటున్నది. దేవుని దయవల్ల ఇక్కడ నాకు ఒంట్లో బాగానే ఉంది. నాయన మోకాలి నొప్పి తగ్గిందా? రొయ్యల గుంటల దగ్గరికి ఇంకా సైకిల్ మీదే పోతున్నాడా, బావ బండి మీద దింపుతున్నాడా? జాయ్ పాపకి జలుబు నయమయిందా? నువ్వెట్లా ఉన్నావని అడగడానికి మొహం చెల్లక ముందు వాళ్లందర్నీ అడిగాను.

మూడు వారాలుగా నువ్వు నా ఫోన్ ఎత్తడం లేదు. మెసేజీలు చూస్తావు, జవాబు ఇవ్వవు. అందుకే ఉత్తరం రాస్తున్నాను. దీన్నయితే మధ్యలో కట్ చెయ్యలేవు కదా.

నా గురించి దిగులు పడకు. చలి మొదలైంది, బావ ఇచ్చిన స్వెట్టర్ సరిపోతోంది. అన్నం దొరుకుతుంది, కాకపోతే జిగురుగా ఉంటుంది. చేపలు మన ముత్తుకూరు బజార్లో కంటే ఎక్కువ రకాలే ఉన్నాయి గానీ పులుసు పెట్టేవాళ్లే లేరు. ఒకరోజు నేనే పెట్టాను, మామిడికాయ లేకుండా. దాన్ని పులుసు అంటే నువ్వు ఒప్పుకోవు. ఎవరైనా ఇటు వచ్చేవాళ్లుంటే పాత చింతపండు కొంచెం పంపించు. ఆదివారం పొద్దున మాత్రం కష్టంగా ఉంటుంది. చర్చి చాలా దూరం. గదిలోనే పాట పాడుకుంటాను, కింద ఇంటామెకి వినపడకుండా చిన్నగా.

ఆ రోజు ఫోన్లో ఏదీ సరిగ్గా చెప్పకుండానే చీర అడిగాను. ఇప్పుడు మొదట్నించి చెబుతాను. ఇక్కడ కొందరు ఆడపిల్లలు ఆదివారం పూట బొమ్మల మాదిరి గౌన్లు వేసుకుని పార్కులో కలుసుకుంటారు. నిండా లేసులు, లోపల మూడు నాలుగు లంగాలు, తలకి పెద్ద రిబ్బను. నేను ముందు సినిమా షూటింగ్ అనుకున్నాను. వారమంతా ఆస్పత్రుల్లో, కొట్లలో పనిచేసేవాళ్లే వాళ్లు. చాలామంది సొంతంగా కుట్టుకుంటారు. మొదటిరోజు అడక్కుండా ఫోటో తీస్తే ఒకమ్మాయి గొడుగు అడ్డం పెట్టుకుంది. మనం చర్చికి పోయేటప్పుడు దారిన పోయేవాడెవడో అట్లా ఫోటో తీస్తే నువ్వు ఊరుకుంటావా? సిగ్గుపడి క్షమించమని అడిగాను. తర్వాత వాళ్లే పక్కన కూర్చోబెట్టుకుని కుచ్చులు ఎట్లా పెట్టాలో చూపించారు.

ఇక్కడ మా కుట్టు కాలేజీలో సారు ఇచ్చిన ప్రాజెక్టు కూడా ఆ గౌన్ల గురించే. ఆ పద్ధతిలో ఒక డ్రెస్సు కుట్టాలి, అందులో ఇంటి నుంచి తెచ్చిన బట్ట ఒకటి కలపాలి, ఎవరి మనసూ నొప్పించకూడదు. ఆ చివరి మాట నా చెవికి ఎక్కలేదు. ఇంటి బట్ట అనగానే అమ్మ పెళ్లినాటి తెల్ల పట్టుచీర గుర్తొచ్చి నీకు ఫోన్ చేశాను. పెట్టెలో ఊరికే పడి ఉంది కదా అన్నాను. "అమ్మ కట్టుకునింది, నేను కట్టుకున్నా, రేపు నువ్వు కట్టుకోవాల్సింది. దాని మీద కత్తెర పెడతానంటావేమే?" అని పెట్టేశావు. నాకు నీ మీద చాలా కోపం వచ్చింది అక్కా. ఇంత దూరంలో కష్టపడుతుంటే ఒక్క చీర ఇవ్వదా అనుకున్నాను.

మా ఇంటామె పేరు కజుకో గారు. డెబ్బై దాటాయి, ఒక్కతే ఉంటుంది. నా మొహం చూసి ఏమైందని అడిగితే వచ్చీరాని భాషలో చెప్పాను. మర్నాడు ఒక కిమోనో తెచ్చి చేతిలో పెట్టింది. బూడిదరంగు పట్టు, అంచుల్లో చిన్న చిన్న తెల్లపూలు. ఎండాకాలంలో చనిపోయిన వాళ్లక్కదట. కిమోనో అంటే పొడుగు కోటు మాదిరి ఉంటుంది, ముందర ఒక పక్క మీద ఇంకో పక్క వేసి నడుముకి పట్టీ చుడతారు. నీ ప్రాజెక్టుకి వాడుకో అంది.

పది రోజులు కుట్టాను. కత్తెర పెట్టడానికి మాత్రం చెయ్యి రాలేదు, నువ్వన్న మాట చెవుల్లోనే ఉంది. కుచ్చులన్నీ మడిచి కచ్చా కుట్టు వేశాను. నువ్వు నేర్పినట్టే లోపల కుట్టు పక్కన ఎక్కడికక్కడ రెండు వేళ్ల వెడల్పు గుడ్డ వదిలాను. ముందరి పక్కలు మన రవికెకి వేసినట్టు కుడిది పైకి వచ్చేలా వేశాను. ఆలోచించి వెయ్యలేదు. నీ మిషన్ పక్కన కూర్చుని ఎన్ని రవికెలకు హుక్సులు కుట్టానో, చెయ్యి దానంతట అదే అట్లా పోయింది.

వేసుకుని కిందికి పోయి కజుకో గారికి చూపించాను. ఆమె చేతిలోని గిన్నె బల్ల మీద పెట్టేసింది. బాగుంది అని, నా వైపు చూడకుండా లోపలికి పోయింది. రెండు రోజులు పలకరించలేదు. మా క్లాసమ్మాయిని అడిగితే చెప్పింది. ఇక్కడ ఆడైనా మగైనా ఎడమపక్కే పైకి రావాలంట. కుడిపక్క పైకి వేసేది చనిపోయినవాళ్లకి. వాళ్లక్కకి ఆఖరిసారి అట్లా బట్టలు కట్టింది ఈమే అయి ఉంటుంది. ఆ అక్క కిమోనోనే అట్లా వేసుకుని నేను ఆమె ముందర గిరగిరా తిరిగాను.

గదిలో కూర్చుని ఏడ్చాను. ఫోన్లో నా మాట విని నీకెట్లా ఉండిందో అప్పుడు తెలిసింది.

మర్నాడు పోయి డ్రెస్సు ఆమె చేతిలో పెట్టాను. "మా ఊళ్లో రవికె ఇట్లా వేస్తామండీ. తెలియక చేశాను. మొత్తం విప్పి మీరు ఎట్లా ఇచ్చారో అట్లానే ఇచ్చేస్తాను" అన్నాను. ఆమె దాన్ని తిరగేసి కుట్లు చూసింది. చాలాసేపు చూసింది. "కత్తిరించలేదా?" అని అడిగింది. లేదన్నాను. లోపల వదిలిన గుడ్డ మీద వేలుపెట్టి, కిమోనో కూడా ఇట్లాగే కుడతామని చెప్పింది. విప్పి ఉతుక్కుని మళ్లీ కుట్టుకోవచ్చు, తల్లిది కూతురికి సరిచెయ్యొచ్చు.

"ఎవరు నేర్పించారు?" అంది.

"మా అక్క" అన్నాను.

"నాకూ మా అక్కే" అంది.

ఇద్దరం కూర్చుని విప్పాం. ఈసారి ఎడమపక్క పైకి వేసి కుట్టాం, చివరి దారం ఆమే కొరికింది. క్లాసులో ముందు నా తప్పు చెప్పి, తర్వాత డ్రెస్సు చూపించాను. సారు ఏదో రాసుకున్నారు. మార్కులు వచ్చే నెలలో తెలుస్తాయి. అంతా అయ్యాక కుట్లన్నీ విప్పి, ఇస్త్రీ చేసి, కిమోనోని కజుకో గారికి ఇచ్చేశాను. ఒక్క పోగు కూడా తగ్గలేదు.

అమ్మ చీర పంపొద్దు అక్కా. నువ్వెట్లాగూ పంపవు, అయినా వద్దని నా నోటితో నేను చెప్పాలి. అడిగినందుకు క్షమించు. పట్టు ఒకే మడత మీద ఏళ్లకొద్దీ ఉంటే ఆ గీత వెంబడి చిరుగుతుందని అమ్మ ఉన్నప్పుడు అనేది. ఒకసారి బయటికి తీసి మడత మార్చి పెట్టు. రెండో కొస నేను పట్టుకునేదాన్ని, ఈసారికి జాయ్ పాపని పట్టుకోమను. నీ పెళ్లికి అమ్మ పెళ్లి రవికెని నువ్వు సరిచేసుకున్నప్పుడు లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి, ఇది నా కంటే లావవుతుందిలే అని నన్ను ఏడిపించావు. కొంచెం అయ్యాను. ఆ గుడ్డ అట్లాగే ఉంచు, నాకు కావాలి.

నాయనకి, బావకి వందనాలు. పాపకి ముద్దులు. సాయంకాలం ప్రార్థనలో నా పేరు కూడా చెప్పుకోండి. ఈ ఉత్తరం చేరాక ఆదివారం కాకుండా మామూలు రోజు, నువ్వు కుట్టుకుంటూ ఉండే వేళకి ఫోన్ చేస్తాను. ఎత్తి పక్కన పెట్టు చాలు, మాట్లాడకపోయినా పర్లేదు. మిషన్ చప్పుడు వింటాను.

నీ చెల్లెలు,
రూతు